పిల్లల సీట్లు రెండూ పడతాయి సరే, మధ్యలో ఎవరు కూర్చోవాలి?

ప్రశ్న: మేం ఒడిశాలో జయపురంలో ఉంటాం. మా పుట్టిల్లు విజయనగరం పక్క పల్లె. పండగలకీ పబ్బాలకీ కొరాపుట్, సుంకి ఘాటీ, సాలూరు మీదుగా కారులోనే వెళ్తాం. పాపకు నాలుగేళ్ళు, 15 కేజీలు. బాబుకు ఆరో నెల, 7 కేజీలు. ఇప్పుడున్న చిన్న కారు ఇచ్చేసి కాంపాక్ట్ ఎస్‌యూవీ తీసుకుందాం అనుకుంటున్నాం. వెనక రెండు చైల్డ్ సీట్లు పెట్టినా మధ్యలో పెద్దవాళ్ళొకరు హాయిగా కూర్చోవచ్చని షోరూం అబ్బాయి అన్నాడు. అక్కడ మా అత్తగారు కూర్చోవాలి. ఆవిడకు మోకాళ్ళ నొప్పులు. పైగా ఆవిడ "బాబుకు సీటెందుకు, నా ఒళ్ళో ఉంటాడు, మీ ఆయన్ని అలాగే తిప్పాను" అంటున్నారు. మావారు పొడగరి, డ్రైవింగ్ ఆయనదే. బరంపురంలో ఉండే ఆడపడుచు వాళ్ళబ్బాయి పాత సీటు ఇస్తానంటోంది. నిజంగా ఇవన్నీ ఆ కారులో సరిపోతాయా? — ఒక తల్లి, జయపురం

సమాధానం:

అమ్మా, సీట్లు రెండూ సరిపోతాయి. మీ అత్తగారు మాత్రం మధ్యలో సరిపోరు. ఆవిణ్ణి ముందు కూర్చోబెట్టి, మధ్యలో మీరు కూర్చోవాలి. అదెందుకో, అది కూడా కుదరకపోతే ఏం చెయ్యాలో వివరంగా చెబుతాను. కాని ముందు ఒళ్ళో కూర్చోబెట్టుకునే సంగతి తేలాలి. అది ఇంట్లో తేలకపోతే ఎంత మంచి సీటు కొన్నా అది డిక్కీలోనే ప్రయాణం చేస్తుంది.

కారు గంటకు 40 కిలోమీటర్ల వేగంతో పోతూ దేన్నో గుద్దుకుని సెకనులో పదోవంతులో ఆగిపోయిందనుకోండి. బెల్టు పెట్టుకున్న పెద్దవాళ్ళు కారుతో పాటు ఆగుతారు. ఒళ్ళో ఉన్న బాబు ఆగడు. అంతవరకు కారు ఏ వేగంతో పోతోందో అదే వేగంతో ముందుకు వెళ్తాడు. ఆ క్షణంలో 7 కేజీల పిల్లవాణ్ణి చేతులతో పట్టి ఆపాలంటే సుమారు 75, 80 కేజీల బరువు ఆపినంత బలం కావాలి. మన వైపు ధాన్యం బస్తా తూగేది అంతే. మీదికి విసిరిన బస్తాను అత్తగారేమిటి, కుస్తీ పట్టేవాడి చేతులు కూడా ఆపలేవు. 40 అంటే ఘాటీలో దిగే వేగమే. సాలూరు దాటి చదును రోడ్డెక్కి 60 పట్టాక ఈ లెక్క ఇంకా పెరుగుతుంది.

ఇద్దరికీ కలిపి ఒకే బెల్టు చుట్టడం ఇంకా ప్రమాదం. పెద్దవాళ్ళ బరువంతా బిడ్డను బెల్టుకేసి నొక్కేస్తుంది. ముందు సీట్లో ఒళ్ళో పెట్టుకుని కూర్చోవడం అన్నిటికన్నా చెడ్డది. ఎయిర్‌బ్యాగ్ విచ్చుకునేటప్పుడు దానికీ పెద్దవాళ్ళ ఛాతీకీ మధ్య పసివాడు ఉంటాడు.

చట్టం సంగతి కూడా చెప్పాలి కాబట్టి చెబుతున్నాను. 2019 సవరణతో మోటారు వాహనాల చట్టంలో చేరిన 194బి సెక్షన్ ప్రకారం, 14 ఏళ్ళ లోపు పిల్లలకు బెల్టో చైల్డ్ సీటో లేకుండా కారు నడిపితే 1,000 రూపాయల జరిమానా. సుంకి దగ్గర రాష్ట్ర సరిహద్దుకు ఇటైనా అటైనా అదే చట్టం. జరిమానా భయంతో కాకుండా బిడ్డ కోసం చేస్తారనే నా నమ్మకం.

అత్తగారితో ఈ మాట మీరు చెప్పకండి. కొడుకు చేత చెప్పించండి. "మీ ఆయన్ని అలాగే తిప్పాను" అన్న మాటకు జవాబు వెతకొద్దు. ఆవిడ పెంపకాన్ని తప్పుపట్టినట్టు వినిపిస్తే సంభాషణ అక్కడే ఆగిపోతుంది. దానికి బదులు ఆవిడకు ఒక పెత్తనం ఇవ్వండి. దారిలో ఎక్కడ ఆగాలో, బాబును ఎప్పుడు సీట్లోంచి తీసి ఎత్తుకోవాలో ఆవిడే చెప్పాలి, ఆవిడ చెప్తే కారు ఆగాలి. మనవడు తన చేతుల్లోంచి పోయాడన్న బాధ చాలావరకు తగ్గుతుంది. పిల్లవాడికీ అది అవసరమే, ఎందుకో ఘాటీ దగ్గర చెబుతాను.

ఇక కారు.

మన దేశంలో 4 మీటర్ల లోపు, చిన్న ఇంజను ఉన్న కార్లకు పన్ను తక్కువ కాబట్టి కాంపాక్ట్ ఎస్‌యూవీలన్నీ ఆ గీత లోపలే ఇరికించి కడతారు. ఎత్తు ఉంటుంది, నేలకూ కారుకూ మధ్య జాగా ఉంటుంది, బయటినుంచి చూస్తే పెద్ద బండిలా కనిపిస్తుంది. వెనక సీటు మీద భుజాల దగ్గర దొరికేది మాత్రం సుమారు 130 సెంటీమీటర్లు, అటూ ఇటూగా. ఐ-సైజ్ అనే కొత్త అంతర్జాతీయ ప్రమాణం చైల్డ్ సీటు వెడల్పును 44 సెంటీమీటర్ల చట్రంలో ఉండమంటుంది. రెండు సీట్లకు 88 పోతే మిగిలేది 42. కాగితం మీద ఒక మనిషి కూర్చోవడానికి చాలినట్టే ఉంది. షోరూం అబ్బాయి చెప్పిన మాట ఈ కాగితం లెక్క.

నిజంగా కూర్చుంటే ఆ 42 దొరకదు. చైల్డ్ సీటును మనకు నచ్చినంత తలుపు వైపుకు జరపలేం. వెనక సీట్లో వీపు ఆనుకునే భాగానికీ కూర్చునే భాగానికీ మధ్య సందులో రెండేసి ఇనప కమ్మీలుంటాయి, వాటినే ఐసోఫిక్స్ అంటారు. ఆ రెండు కమ్మీల మధ్య దూరం ఏ కంపెనీ కారులోనైనా 28 సెంటీమీటర్లే, అది అంతర్జాతీయ ప్రమాణం. కాని ఆ జత తలుపుకు ఎంత దూరంలో ఉంటుందన్నది కారును బట్టి మారుతుంది. జత లోపలికి ఉంటే చైల్డ్ సీటు కూడా లోపలికే వస్తుంది. తలుపు పక్కన ఎవరికీ పనికిరాని సందు మిగులుతుంది, మధ్య మనిషికి చోటు తగ్గుతుంది. అందుకని ఒకే వెడల్పున్న రెండు కార్లలో ఒకదానిలో మధ్యన కూర్చోగలరు, మరొకదానిలో కూర్చోలేరు. ఈ సంగతి ఏ బ్రోచర్లోనూ రాయరు.

ఇంకొంచెం డబ్బు పెట్టి పెద్ద ఎస్‌యూవీ కొంటే ఇబ్బంది తీరుతుందని చాలామంది సలహా ఇస్తారు. వాళ్ళ మాట వినే ముందు ఒక్క లెక్క చూడండి. బ్రెజా పొడవు 3,995 మిల్లీమీటర్లు. క్రెటా 4,300 పైనే. కాని రెండిటి వెడల్పూ ఒకటే, 1,790 మిల్లీమీటర్లు. నెక్సాన్ 4 మీటర్ల లోపలే ఉన్నా 1,804. అంటే పెద్ద బండికి పెట్టిన డబ్బు ముందు వెనకల చోటు పెంచుతుంది, డిక్కీ పెంచుతుంది, మధ్య సీటును పెద్దగా పెంచదు. ముందు వెనకల చోటు కూడా మీకు అవసరమే అనుకోండి, ఎందుకంటే బాబు సీటు వెనక్కి తిరిగి ఉండాలి.

ఆరు నెలల పిల్లల తల ఒంటితో పోలిస్తే పెద్దది, మెడ లేతది. ముఖం ముందుకు పెట్టి కూర్చోబెడితే గుద్దుకున్నప్పుడు ఒళ్ళు పట్టీల దగ్గర ఆగుతుంది, తల ముందుకు పోతుంది, ఆ లాగుడంతా మెడ మీద పడుతుంది. ముఖం డిక్కీ వైపు ఉంటే వీపు, మెడ, తల మూడూ సీటు వీపుకు ఒత్తుకుని కలిసి ఆగుతాయి. ఐ-సైజ్ ప్రమాణంలో 15 నెలలు నిండేదాకా ఇలా కూర్చోబెట్టడం తప్పనిసరి. ఆ తర్వాత కూడా సీటు అనుమతించిన బరువు, ఎత్తు దాటే వరకు అలాగే ఉంచడం మేలు. కాళ్ళు వెనక సీటుకు తగులుతున్నాయని తొందరపడి ముందుకు తిప్పకండి. పిల్లలు కాళ్ళు మడుచుకుని సుఖంగానే కూర్చుంటారు.

ఇలా తిప్పిన సీటు బాగా వాలి ఉంటుంది కాబట్టి దాని తల భాగం ముందు సీటు మీదికి వస్తుంది. మీవారి వెనక పెడితే ఆయన సీటు ముందుకు జరపాల్సి వస్తుంది. పొడగరి మనిషి మోకాళ్ళు స్టీరింగ్‌కు తగులుతూ ఘాటీలో బండి నడపకూడదు. కాబట్టి బాబు ఎడమవైపు. మన రోడ్ల మీద ఎడమ తలుపే రోడ్డు అంచు వైపు తెరుచుకుంటుంది కనుక ఎక్కించడానికీ దించడానికీ కూడా అదే మంచిది. పాప కుడివైపు, వాళ్ళ నాన్న వెనక, ముఖం ముందుకు. ఆ తలుపుకు చైల్డ్ లాక్ వేసి ఉంచండి, దిగేటప్పుడు పెద్దవాళ్ళెవరైనా చుట్టూ తిరిగి వచ్చి తియ్యాలి.

అత్తగారిని మధ్యలో వద్దంటున్నది మోకాళ్ళ కోసం. అక్కడ దిండు కాస్త ఉబ్బెత్తుగా, గట్టిగా ఉంటుంది, కాళ్ళ దగ్గర నేల ఎత్తుగా ఉంటుంది, చాలా కార్లలో ఏసీ గాలి వచ్చే పెట్టె కూడా మోకాళ్ళ మధ్యకే వస్తుంది. పైగా లోపలికి వెళ్ళాలంటే ఒక చైల్డ్ సీటును దాటుకుని పాకాలి. అరవై దాటిన మనిషికి అది శిక్షే. ముందు సీటు ఆవిడకు అన్ని విధాలా నయం. ఘాటీ మలుపుల్లో కడుపులో తిప్పే వాళ్ళకు ఎదురుగా రోడ్డు కనిపిస్తే వాంతులు తగ్గుతాయి కూడా. చూసుకోవలసింది ఒక్కటే. వెనక బాబు సీటు కోసం ఆవిడ సీటు ముందుకు జరిపినా, ఆవిడ ఛాతీకీ డాష్‌బోర్డుకూ మధ్య కనీసం 25 సెంటీమీటర్ల దూరం మిగలాలి, కాళ్ళు చాపుకునే వీలుండాలి. అది మిగలకపోతే తక్కువ పొడవు పట్టే బాబు సీటు వెతకాలి. ఐసోఫిక్స్ సీట్ల కొలతల్లో వెనక్కి తిరిగే పెద్ద చట్రాన్ని ఆర్3 అనీ, పొట్టిదాన్ని ఆర్2 అనీ అంటారు. కొనేటప్పుడు అడగండి. ఆవిడ బెల్టు చీర మడతల మీదుగా పొట్టకు అడ్డంగా కాకుండా కిందికి, తుంటి ఎముకల మీదికి దిగేలా మీరే ఒకసారి సర్ది చూపించండి.

మధ్యలో మీరు. ఇక్కడ మీకు కలిసొచ్చే విషయం ఒకటి ఉంది. ముందుకు చూసే పాప సీటుకు తల పక్కన వచ్చే రెక్కలు సరిగ్గా మీ భుజం దగ్గరే ఉంటాయి, అటు ఇరుకు. బాబు సీటు తిరగబడి ఉండటంతో దాని వెడల్పాటి తల భాగం ముందు సీటు వైపు ఉంటుంది, మీ భుజం పక్కకు వచ్చేది సన్నటి కాళ్ళ భాగం. కాబట్టి కాస్త ఎడమకు ఒరిగి కూర్చుంటే భుజాలకు చోటు దొరుకుతుంది, బాబు ముఖం కూడా మీకు ఎదురుగా కనిపిస్తుంది. గుక్కపట్టి ఏడ్చినా, గడ్డం ఛాతీకి ఆనినా మీరే ముందు చూస్తారు.

అయితే మధ్య సీటుకు భుజం మీదుగా వచ్చే మూడు కొసల బెల్టు ఉండాలి. పాత మోడళ్ళలో చాలావాటికి అక్కడ నడుం పట్టీ ఒక్కటే ఉండేది. బెల్టు ఉంటే సరిపోదు, రెండు చైల్డ్ సీట్లు బిగించాక కూడా దాని బకిల్ మీ చేతికి అందాలి. సీటు కింది భాగం బకిల్‌ను కప్పేస్తే బెల్టు ఎక్కడ గుచ్చాలో తెలియదు, పక్కకు వంగి వంకరగా పెట్టుకోవాల్సి వస్తుంది. ఆ కారులో మధ్యన మనిషి పట్టనట్టే లెక్క. మీరు బెల్టు లేకుండా కూర్చుంటే గుద్దుకున్నప్పుడు పిల్లల మీద పడేది మీరే.

అలాంటప్పుడు పాప సీటును ఐసోఫిక్స్‌తో కాకుండా కారు బెల్టుతో బిగించి తలుపు వైపుకు కొంచెం జరపగలమేమో చూడొచ్చు, సీటుతో వచ్చే వివరాల పుస్తకం బెల్టు బిగింపును ఒప్పుకుంటేనే. కొందరు మధ్య సీట్లో కూడా ఐసోఫిక్స్ వస్తుందని ఎడమ జతలో ఒక కమ్మీ, కుడి జతలో ఒక కమ్మీ పట్టుకుని బిగిస్తారు. అది చెయ్యకండి. వాటి మధ్య దూరం 28 సెంటీమీటర్లు కాదు, ఆ బిగింపు పరీక్షకు నిలిచింది కాదు.

బాబు సీటుకు ముందు కాలు ఉంటే, అంటే నేల మీద ఆనించే ఊతకోల ఉంటే, అది ఆనేచోట నేల గట్టిగా ఉందో లేదో చూడండి. కొన్ని కార్లలో వెనక వాళ్ళ పాదాల కింద సామాను పెట్టుకునే పెట్టె ఉంటుంది. దాని మూత మీద కోల ఆనితే గుద్దుకున్నప్పుడు మూత విరిగి సీటు ముందుకు వంగుతుంది.

పాప సీటుకు వెనకనుంచి ఒక పట్టీ ఉంటుంది, టాప్ టెదర్ అంటారు. దాన్ని బిగించకుండా వదిలేసేవాళ్ళు ఎక్కువ. ఐసోఫిక్స్ కింద పట్టుకుంటుంది, ఈ పట్టీ పైన పట్టుకుంటుంది. పైది లేకపోతే పాప తల ఇంకా చాలా ముందుకు పోతుంది. దీని కొక్కెం తగిలించే చోటు వెనక సీటు వీపు మీదో డిక్కీ నేల మీదో ఉంటుంది, పక్కన లంగరు బొమ్మ ఉంటుంది. సామాను సంచులు తగిలించే ప్లాస్టిక్ కొక్కేనికి తగిలించకండి. కారు హెడ్‌రెస్ట్ పాప సీటును ముందుకు నెడుతుంటే దాన్ని ఎత్తడమో తియ్యడమో చెయ్యొచ్చా అన్నది సీటు పుస్తకం చెబుతుంది.

విజయనగరం నుంచి తిరిగి వచ్చేటప్పుడు పుట్టింటివాళ్ళు ఖాళీగా పంపరు కదా. బియ్యం, కొబ్బరికాయలు, పచ్చడి జాడీ, అన్నీ వెనకే. ఎస్‌యూవీ డిక్కీకీ పిల్లల తలలకీ మధ్య అడ్డు ఉన్నది సీటు వీపు ఒక్కటే. బరువైనవి అడుగున, సీటు వీపుకు ఆనించి పెట్టండి. వీపు ఎత్తు దాటి ఏదీ పేర్చకండి. టెదర్ పట్టీ మీదికి బస్తా రాకూడదు. సామాను కోసం వెనక సీటు వీపు మడిచి మళ్ళీ లేపితే, అది లాక్ అయిందో లేదో గట్టిగా లాగి చూసి, చైల్డ్ సీటును మళ్ళీ మొదటినుంచి బిగించండి.

షోరూంలో ఏం చెయ్యాలో చెబుతాను. ఆడపడుచు ఇస్తానన్న సీటు ఇక్కడ పనికొస్తుంది, చివరికి వాడినా వాడకపోయినా. దాన్ని తెప్పించుకుని షోరూంకు పట్టుకెళ్ళండి. రెండో సీటు లేకపోతే 44 సెంటీమీటర్ల వెడల్పున్న అట్టపెట్టెను కుడివైపు పెట్టండి. మీవారు తన సీటును తను నడిపే తీరులో సర్దుకుని కూర్చోవాలి. అత్తగారు కూడా రావాలి, ముందు కూర్చోవాలి. మీరు మధ్యలోకి వెళ్ళి బెల్టు పెట్టుకోవాలి. ఐదు నిమిషాలు అలాగే ఉండండి. తర్వాత టెస్ట్ డ్రైవ్ కూడా అలాగే వెళ్ళండి. ఖాళీ కారులో ఒక్కరే చుట్టూ తిరిగి వచ్చి కొనేసిన వాళ్ళకు ఇరుకు తెలిసేది మొదటి పండగ ప్రయాణంలోనే.

అక్కడే కారు పుస్తకం అడిగి తీసుకోండి. ఏ సీటు చోటులో ఏ రకం చైల్డ్ సీటు పెట్టవచ్చో చెప్పే పట్టిక అందులో ఉంటుంది. ఆంగ్ల అక్షరం యు ఉంటే ఆ బరువు పిల్లలకు ఆమోదించిన 'యూనివర్సల్' రకం సీట్లకు సరే, ఎక్స్ ఉంటే అక్కడ పెట్టకూడదు. ఆ కారుకు భారత్ ఎన్‌క్యాప్ పరీక్ష, అంటే కార్ల భద్రతకు నక్షత్రాలిచ్చే పరీక్ష, జరిగిందేమో చూడండి. 2023లో మొదలైన ఈ పరీక్షలో పిల్లల భద్రతకు 49 మార్కులు. గుద్దించి చూసే పరీక్షకు 24, కారులో ఉన్న సదుపాయాలకు 13, చైల్డ్ సీట్లు ఎంత సరిగ్గా బిగుస్తాయన్నదానికి 12. జనం నక్షత్రాలు లెక్కపెట్టి ఊరుకుంటారు. మీరు ఆ 12లో ఎన్ని వచ్చాయో చూడండి. 12కు 12 వచ్చినా అది సీటు బిగింపుకు వచ్చిన మార్కే, ఇద్దరు పిల్లల మధ్య తల్లి పట్టడానికి వచ్చింది కాదు. దానికి మీరు చేసే పరీక్షే గతి.

బిగించాక సీటును బెల్టు దూరే చోట పట్టుకుని అటూ ఇటూ లాగండి. అంగుళం కన్నా ఎక్కువ కదలకూడదు. బాబు సీటు వాలు సరిచూసే గీతో బుడగో సీటు పక్కనే ఉంటుంది, చిన్నపిల్లలకు సుమారు 45 డిగ్రీలు. దీన్ని చదునైన చోట కారు నిలిపి చూడాలి. కొరాపుట్ వైపు వీధుల్లో సగం ఏటవాలే, అక్కడ బుడగ చెప్పేది నమ్మొద్దు. వాలు తక్కువైతే నిద్రలో బాబు తల ముందుకు వాలి గడ్డం ఛాతీకి ఆనుతుంది, ఊపిరి ఇబ్బంది అవుతుంది.

భుజాల పట్టీలు బాబుకు భుజం ఎత్తులోనో కాస్త కిందనుంచో రావాలి, పాపకు భుజం ఎత్తులోనో కాస్త పైనుంచో. బిగించాక భుజం దగ్గర పట్టీని రెండు వేళ్ళతో గిల్లితే మడత చిక్కకూడదు. శీతాకాలంలో మీ వైపు చలి మామూలుగా ఉండదు, పొట్టంగి దగ్గర తెల్లారుజామున మంచులో బయలుదేరితే పిల్లలకు రెండేసి స్వెట్టర్లు తొడుగుతారు. లావు స్వెట్టర్ మీద పట్టీలు బిగిస్తే బిగిసినట్టే ఉంటాయి, గుద్దుకున్నప్పుడు ఊలు అణిగి పట్టీ వదులైపోతుంది. పలచటి బట్టలతో పట్టీలు బిగించి, పైన దుప్పటి కప్పండి. సాలూరు దిగేసరికి ఉక్క మొదలవుతుంది, దుప్పటి తీసెయ్యడం స్వెట్టర్ విప్పడం కన్నా తేలిక.

ఘాటీలో బాబు ఏడుస్తాడు. తప్పకుండా ఏడుస్తాడు. అప్పుడు "ఒక్క నిమిషం ఎత్తుకుంటాను" అని కదులుతున్న కారులో పట్టీ విప్పకండి. మలుపు లేని చోట, వెనక లారీలకు కనిపించేలా రోడ్డు పక్కకు తీసి ఆపి, ఎత్తుకుని, పాలిచ్చి, సముదాయించి మళ్ళీ కూర్చోబెట్టండి. ఏడవకపోయినా ఆపాలి. పసిపిల్లల్ని ఆ సీట్లో గంటల తరబడి ఉంచకూడదు, రెండు గంటలకు మించి అసలు వద్దు. కొరాపుట్ దగ్గర ఒకసారి, సుంకి దగ్గర ఒకసారి, సాలూరులో ఒకసారి ఆగితే ప్రయాణం ఇంకో గంట పెరుగుతుంది. పెరగనివ్వండి. అత్తగారి మోకాళ్ళకూ నడక దొరుకుతుంది. ఇల్లు చేరాక బాబు నిద్రపోతున్నాడని సీట్లోనే వదిలెయ్యకండి, తీసి చదునుగా పడుకోబెట్టండి.

ఇక ఆడపడుచు సీటు. బయటివాళ్ళు అమ్మే పాత సీటైతే వద్దనే చెప్పేదాన్ని, దాని చరిత్ర తెలియదు కాబట్టి. సొంత మనిషి కనుక అడగొచ్చు. ఆ సీటు ఉన్న కారు ఎప్పుడైనా గుద్దుకుందా? అవునంటే, పైకి బాగానే కనిపించినా వాడొద్దు. లేదంటే సీటు తిరగేసి ప్లాస్టిక్ మీద తయారీ తేదీ చూడండి. ఎన్నేళ్ళు వాడవచ్చో కూడా అక్కడో పుస్తకంలోనో ఉంటుంది. గుండ్రంలో ఆంగ్ల అక్షరం ఇ, దాని కింద ప్రమాణం నెంబరు ఉన్న నారింజ రంగు చీటీ చూడండి. ఆర్44/04 అంటే పాత ప్రమాణం, ఆర్129 అంటే ఐ-సైజ్. పాతదైనా చీటీ ఉంటే, తేదీ దాటకపోతే, పట్టీలు నలిగిపోకపోతే, పుస్తకం దొరికితే పనికొస్తుంది. చీటీ మీద 0+ గ్రూపు అని ఉంటే 13 కేజీల వరకు, అంటే బాబుకు ఏడాది పైమాటే. చీటీ లేని సీటును షోరూంలో కొలతకు వాడుకుని తిరిగి ఇచ్చెయ్యండి.

పాపకు మాత్రం కొత్తది కొనండి, ఎలాంటిదో చూసి కొనండి. పాత ప్రమాణంలో ఒకటో గ్రూపు సీట్లు 18 కేజీలకు ఆగిపోతాయి. పాప ఇప్పటికే 15. మూడు కేజీల కోసం ఒక సీటు కొని ఏడాదికో ఏడాదిన్నరకో పక్కన పడెయ్యడం డబ్బు దండగ. లోపలి పట్టీలు తీసేస్తే కారు బెల్టుతోనే కూర్చునే వీపున్న బూస్టర్‌గా, అంటే పిల్లల్ని కాస్త ఎత్తుగా కూర్చోబెట్టే సీటుగా, మారేది తీసుకుంటే 36 కేజీల దాకా వస్తుంది. అందులోనూ వెడల్పు తక్కువున్నదాన్నే ఎంచుకోండి, ఎందుకంటే దాని పక్కన కూర్చునేది మీరు. కప్పు పెట్టుకునే చెవులు రెండు వైపులా బయటికి పొడుచుకొచ్చే రకం వద్దు. అవి తీసెయ్యడానికి వీలుంటే సరే. బూస్టర్‌కు మారాక పాప తన బెల్టు తనే పెట్టుకోవడం నేర్చుకుంటుంది. ఆ బకిల్ మీ తొడ కింద నలిగే చోట ఉంటే ఇద్దరికీ ప్రతిసారీ యాతనే, షోరూంలో అది కూడా ఒకసారి పాప చేతే పెట్టించి చూడండి.